రహస్య శిష్యులు: ఒక సంవాదము

మొదటి వక్త: క్రీస్తును హృదయమందు విశ్వసించియు బాప్తిస్మము పొందక, పొందియు ఊరిలో ఎవ్వరికిని తెలియనీయక, కాగితములపై ఒక మతమును ప్రార్థనలో వేఱొక మతమును నిలుపుకొని జీవించువారు మన తెలుగునాట కలరని మనమందఱమును ఎఱుగుదుము. వారిని నిందించుట నా యుద్దేశము కాదు. కాని వారిని శిష్యులని పిలుచుటకు నా యంతరంగ మొప్పుకొనకున్నది. విశ్వసించుట లోపల జరుగు కార్యము. వెంబడించుట నలుగురు చూడగా జరుగు కార్యము. సిలువ మోయుట యనగా నడివీధిలో జనుల కన్నులయెదుట చావునకు నడచుటయే యైన ఆ రోమా పరిపాలనలో, సిలువ నెత్తుకొని తన్ను వెంబడింపవలెనని ప్రభువు చెప్పినప్పుడు, ఆ మాటను విన్న పల్లెకారులకు రహస్య శిష్యత్వ మొకటి కలదను తలంపే పుట్టియుండదు.

రెండవ వక్త: మీరు మత్తయి పదియవ అధ్యాయమును మనస్సున నుంచుకొని మాటాడుచున్నారు, మనుష్యులయెదుట తన్ను ఎఱుగననువానిని గూర్చిన భయంకరమైన హెచ్చరిక అందులోనిదే. అయితే శిష్యులను తోడేళ్ల నడుమకు పంపుచు, పాముల వివేకము నేర్వుమని బోధించి, ఒక పట్టణమున హింస కలిగినయెడల వేఱొక పట్టణమునకు తొలగిపోవుటకు అనుమతి నొసగినదియు ఆ యధ్యాయమే. అదియుగాక, యూదులకు భయపడి తన విశ్వాసమును దాచుకొన్న అరిమతయియ యోసేపును యోహాను సువార్త శిష్యుడనియే గౌరవించినది. పగలెల్ల గురువు వెంట తిరిగిన పేతురు ప్రధానయాజకుని ముంగిట చలిమంటయొద్ద ఒక పనికత్తె ప్రశ్నకు జడిసి ముమ్మాఱు బొంకెను; తక్కినవారు తోటలోనే చెదిరిపోయిరి. ఆ సాయంకాలము పిలాతు నొద్దకు పోయి ప్రభువు దేహమును అడిగిన వాడెవడు? బోళమును అగరును మోయించుకొని వచ్చిన వాడెవడు? ఒకడు రహస్య శిష్యుడు, రెండవవాడు రాత్రివేళ వచ్చిన నీకొదేము.

మొదటి వక్త: అడిగిన ఆ క్షణముననే యోసేపు రహస్య శిష్యుడు కాకపోయెను. మహాసభలో సభ్యుడైనవాడు, ఆ మహాసభ మరణమునకు పాత్రుడని తీర్మానించిన వాని శరీరమును అధిపతి నడిగి తెచ్చి తన సొంత సమాధిలో ఉంచుటకంటె బహిరంగమైన సాక్ష్యము ఏమి కావలెను? మీరు యోహానును పిలిచినారు గనుక ఆయనయే చెప్పిన మఱియొక మాటను విడువరాదు: పండ్రెండవ అధ్యాయమున, విశ్వసించియు సమాజమందిరమునుండి వెలివేయబడుదుమను భయముచేత ఒప్పుకొనని అధికారులను గూర్చి ఆయన వ్రాసినాడు, వారు దేవుని మెప్పుకంటె మనుష్యుల మెప్పును ప్రేమించిరని తీర్పును చెప్పినాడు. కావున దాచుకొనుట ఒకనాటితో ముగిసిన వారును, ఎన్నటికిని ముగియని వారును ఆయనకు వేఱువేఱుగనే కనబడిరి. నా భయము రెండవ రకమువారిని గూర్చియే. సమయము రాలేదని తండ్రి అనుకొనును. కుమారుడు తండ్రి విశ్వాస మేమియో అడుగడు, తండ్రి చెప్పడు. మనుమని నాటికి అడుగుటకు గాని చెప్పుటకు గాని ఇంటిలో ఏమియు మిగులదు. రెండు తరములు దాగియున్న విశ్వాసము మూడవ తరమున వెదకినను దొరకదు. సాక్ష్యము లేని శిష్యత్వమునకు సంతానము లేదు.

రెండవ వక్త: తరముల మాట బలమైనదే, కాదనను. కాని మీరు మనస్సున నుంచుకొనినది పురుషుని. నేను ఒక స్త్రీని గూర్చి అడిగెదను. ఒక భూస్వామి కుటుంబపు కోడలు, బిడ్డ జబ్బుపడినప్పుడో, పుట్టింటి చుట్టమెవరో ప్రార్థించినప్పుడో, ఎట్లో క్రీస్తును ఎఱిగినది. కొత్త నిబంధనమును బియ్యపు డబ్బాలో దాచుకొన్నది. నుదుట బొట్టు తీయదు, వ్రతపు పీటపై కూర్చుండుమనిన కూర్చుండును. లోలోపల ఒక్కనికే మ్రొక్కును. బాప్తిస్మము పొందిననాడు ఆ గృహమున ఆమెకు చోటు లేదు. బిడ్డ లిద్దఱును ఆమెతో రారు. అయినను ఈ స్త్రీయే, పాలేరును గొడ్డువలె చూడు ఆ యింట, వానికి తాము త్రాగు చెంబుతోనే నీ రిచ్చినది. కొడుకు పెండ్లికి కట్నము పుచ్చుకొనరాదని భర్తయెదుట నిలిచి చెప్పినది. తన్ను ముప్పది యేండ్లు మాటలతో కాల్చిన అత్తకు పక్షవాతము వచ్చినప్పుడు మలమూత్రము లెత్తినది. ఇందులో ఏ యొక్కటియు రహస్యముగా చేసినది కాదు. సిరియా సేనాధిపతియైన నయమాను స్వస్థత పొంది, ఇకమీదట యెహోవాకు తప్ప బలి అర్పింపనని మ్రొక్కుకొని, రాజు తన చేతి నానుకొనగా రిమ్మోను గుడిలో వంగవలసివచ్చినప్పుడు మాత్రము క్షమింపవలెనని వేడుకొనగా, ఎలీషా ఏమి చేసెను? వానిని గద్దింపలేదు, సమాధానముగా పొమ్మని సాగనంపెను. మనము ప్రవక్తకంటె కఠినులము కావలసిన యవసర మేమి?

మొదటి వక్త: ఆమె విషయమున నేను వాదింపను. తల్లిని బిడ్డలనుండి వేఱుచేసి ధైర్యవంతురాలని పొగడుటకు నాకు నోరు రాదు. కాని అత్యంత కఠినమైన యొక్క సందర్భమును చూపి, సులభమైన సందర్భము లన్నిటికిని అదే మినహాయింపు నిచ్చుట న్యాయమగునా? నేను చెప్పునది ఉద్యోగమును, ఇల్లును, తన మాట వినెడు సంసారమును కలిగి, ఆదివారమున ప్రభువు బల్లలో చేయి వేసి, సోమవారమున దరఖాస్తు కాగితముపై మత మేదియని అడిగినచోట వేఱొక పేరు వ్రాయువానిని గూర్చి. ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి దెకియుసు, సామ్రాజ్యవాసు లందఱును దేవతలకు బలి యర్పించి, అర్పించినట్లు అధికారులచేత ధ్రువపత్రము పొందవలెనని శాసించెను. ఐగుప్తు ఇసుకలో ఆ పత్రములు పదుల కొలదిగా నేటికిని దొరికినవి. ఆనాడు క్రైస్తవులలో కొందఱు బలి యర్పించిరి; కొందఱు చెఱసాలకు పోయిరి; మఱికొందఱు బలి యర్పింపకయే లంచమిచ్చి పత్రమును మాత్రము కొనుక్కొనిరి. చేతులు మలినము కాలేదు గదా, కాగితమే గదా అని వారు తమ్ము తాము ఓదార్చుకొనిరి. కార్తేజి అధ్యక్షుడైన సిప్రియను వారి యోదార్పును అంగీకరింపలేదు. చేయని పాపమును చేసినట్లు ఒప్పుకొను కాగితము కూడ ఒప్పుకోలే యని ఆయన నిర్ణయము. బలి యర్పించినవారికంటె తేలికయైన ప్రాయశ్చిత్తమును విధించెను గాని, ప్రాయశ్చిత్తమే అక్కఱలేదనలేదు.

రెండవ వక్త: మీరు ఎంచుకొనిన యుదాహరణమును నేను రెండు చేతులతో స్వీకరించెదను, కాని రెండు కాగితములను పక్కపక్కన నుంచి చదువుదము. దెకియుసు పత్రము అబద్ధమును వ్రాయించినది: చేయని బలిని చేసినట్లు. మన దళిత క్రైస్తవుడు తెచ్చుకొను కులధ్రువపత్రము ఏమి చెప్పుచున్నది? వీడు మాలవాడు, లేక మాదిగవాడు, అని. అది అబద్ధమా? బాప్తిస్మపు నీరు వాని యొడలిపైనుండి జాఱినంతమాత్రమున ఊరివారు వానిని తమ బావియొద్దకు రానిచ్చిరా? క్రైస్తవ కుటుంబమున పుట్టి పెరిగిన జాషువకవి 1941లో గబ్బిలమును వెలువరించినప్పుడు ఆ కావ్యమున మ్రోగినది అస్పృశ్యుని గుండె. క్రైస్తవుడైనందువలన ఆ వేదన ఆయనకు తప్పలేదు. 1950 ఆగష్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డు కులమువాడు కాడన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చి సడలించినారు. క్రైస్తవునికి తలుపు తెఱవలేదు. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు కులములకు రిజర్వేషను 15 శాతము. ఆ కులములనుండి క్రైస్తవులైన వారి కొఱకు వెనుకబడిన తరగతులలో ప్రత్యేకించినది 1 శాతము. ఒక్క శాతముతో పోయినది చదువు, ఉద్యోగము మాత్రమే కాదు. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము ఇచ్చు రక్షణ కూడ పోయినది. అనగా ఆదివారమున ప్రభువును ఒప్పుకొనినవానిని సోమవారమున కులము పేరు పెట్టి కొట్టినను, ఆ చట్టమున వానికి చోటు లేదు. అబద్ధము వ్రాసినవాడు ఆ బీదవాడా, వాని గాయము మానినదని వ్రాసిన శాసనమా? సిప్రియను కాలమున రాజు విశ్వాసిని దేవతలయెదుట వంగుమనెను. నేడు రాజ్యము దళితునితో నీ గాయమునైనను వదులుకొనుము, నీ ప్రభువునైనను వదులుకొనుము అనుచున్నది. ఈ రెంటిని ఒక్కటిగా చూచి ఒక్కటే ధైర్యమును కోరుట నాకు న్యాయముగా తోచదు.

మొదటి వక్త: ఆ శాసనము అన్యాయమనుటలో మనకు భేదము లేదు, దానిని నేను మీకంటె మెల్లగా ఖండింపను. కాని దాచుకొనుటవలన ఆ యన్యాయమునకు బలము కలుగుచున్నదని నేను చెప్పిన మీరు ఆలకింపవలెను. మద్రాసు వీధిలో చెప్పులు కుట్టుకొను ఒక క్రైస్తవునికి, హిందూ చర్మకారులకు ప్రభుత్వ మిచ్చిన దుకాణపు పెట్టె ఇయ్యలేదు. ఆయన సుప్రీంకోర్టు దాక పోయినాడు. 1985 సెప్టెంబరులో ఆ న్యాయస్థానము చెప్పినదేమి? మతము మారిన తరువాత కూడ కులము వలని ఆ దురవస్థ అంతే తీవ్రముగా క్రైస్తవులలో కొనసాగుచున్నదని చూపుటకు తగిన ఆధారము తన ముందు లేదని. ఆధార మెట్లు వచ్చును? ఆ బాధ ననుభవించువారు లక్షలమంది జనాభా లెక్కలలో వేఱొక పేరుతో దాగియున్నప్పుడు, సాక్షులు ఎవ్వరు? దాగినవాడు తన బిడ్డకు ఒక వసతిగృహపు చోటును సంపాదించుకొనును. కాని అందఱి బిడ్డల కొఱకు కోర్టులో నిలువవలసిన సాక్ష్యమును మాయము చేయును. ఆ చెప్పులు కుట్టువాడు నా దృష్టిలో శిష్యుడు: తన పేరును తన ప్రభువు పేరును ఒకే వ్యాజ్యములో వ్రాయించుకొనెను, ఓడిపోయెను.

రెండవ వక్త: ఈ మాటకు నావద్ద వెంటనే సమాధానము లేదు. ఇది నా వాదమున కన్నిటికంటె ఎక్కువ నొప్పి కలిగించు మాట. అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. ఎన్నియేండ్ల తరువాతనో రాబోవు తీర్పు కొఱకు ఈ సంవత్సరము కళాశాలలో సీటు పోగొట్టుకొనవలసిన పిల్లవాడెవడు? ఎవరి పిల్లవాడు? మీరు సిప్రియనును పిలిచినారు. ఆయన కథను సాంతముగా చెప్పవలెను గదా. 250లో శాసనము వెలువడినప్పుడు సిప్రియనే దాగికొనెను. కాపరి మందను విడిచినాడని రోమా పెద్దలు ఎత్తిపొడిచిరి. ఆయన ఎనిమిదేండ్ల తరువాత, 258 సెప్టెంబరు 14వ తేదీన, దాగుకొనక నిలిచి తల నిచ్చెను. మొదటిసారి పిరికివాడును రెండవసారి వీరుడునా? నేనట్లు తలంపను. దాగియున్న ఆ కాలమంతయు ఆయన లేఖలు వ్రాయుచునే యుండెను. చెఱలోనున్న సాక్షులకును, దరిద్రులైన విశ్వాసులకును ధనము చేరవేయుడని పదేపదే ఆజ్ఞాపించుచుండెను. ధైర్యము కావలెనని ఇతరులను కోరిన యధ్యక్షుడు, ఆ ధైర్యమునకు అయ్యెడు వ్యయమును సంఘపు పెట్టెనుండి చెల్లించుచుండెను. మన సంఘములలో నేడు ఏది జరుగుచున్నది? బోధ జరుగుచున్నది.

మొదటి వక్త: జరిగిన స్థలములును ఉన్నవి, ఒంగోలును మఱవకుడు. 1866లో చర్మవ్యాపారియైన మాదిగ, యర్రగుంట్ల పేరయ్య, అంతకుముందు యోగమార్గమును అభ్యసించినవాడు, భార్యతో కూడ బాప్తిస్మము పొందెను. వెనుక జనసమూహము లేదు, చట్టము లేదు. ఆ పల్లెలలో క్రైస్తవులైన మాదిగలు చచ్చిన గొడ్డు మాంసము తినము, జాతరలలో డప్పు కొట్టము, ఆదివారమున పని చేయము అనిరి. ఈ మూడు మాటలు తేలికగా కనబడవచ్చును; కాని కోతకాలమున ఆదివారమని కొడవలి పట్టనివానికి, అమ్మవారి కొలువునాడు డప్పు ముట్టనివానికి, కరణమును మునసబును ఏ గతి పట్టించిరో, కళ్లములో వానికి రావలసిన గింజ ఏమయ్యెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. రైతుకు మోట బొక్కెనయు చెప్పులును కుట్టియిచ్చి ఆ గింజపై బ్రదుకువాడు వాడు. ఆ దినములలోనే ఒంగోలు పై కులములవారు మిషనరీయైన క్లౌ దొరను హెచ్చరించిరి: మాదిగలను చేర్చుకొనినయెడల తాము రామని. దొరయు దొరసానియు వేర్వేఱు గదులలో బైబిలు తెఱవగా ఇద్దఱికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో బలహీనులను దేవుడు ఏర్పఱచుకొనుటను గూర్చిన భాగమే కనబడెనని ఆయన చెప్పుకొనెడివాడు. పై కులములను వదులుకొని మాదిగలను స్వీకరించిరి. ఆనాడు ధైర్యము పేరయ్యకు మాత్రమే గాక సంఘమునకు కూడ కావలసివచ్చెను.

రెండవ వక్త: సరిగా అదియే నేను చెప్పదలచినది; నా నోటిమాటను మీరే పలికినారు. కఱవు కాలమును కూడ చేర్చుకొనుడు. 1876 మొదలు 1878 వఱకు ధాత కఱవు ప్రబలినప్పుడు, క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు పుచ్చుకొని వేలమందికి కూలి చూపెను. కాని ఆ పదునైదు నెలలు ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నము కొఱకు వచ్చినారను మాట వారిపై పడకూడదని. సహాయమంతయు ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో 2,222 మంది ఒక్కనాడే బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు స్వదేశీయులైన బోధకులు. నేను చూడుమనునది ఆ సంఖ్యను కాదు. వారు ఒక్కొక్కరుగా రాలేదు. పల్లెలు పల్లెలుగా, పెద్దలు కూర్చుండి తీర్మానించుకొని వచ్చిరి. అన్న బాప్తిస్మము పొందినచో తమ్ముడును పొందెను. ఒకని గింజ ఆగినచో పొరుగువాడు పెట్టెను. నేడు మనము పట్టణపు గదిలో ఒంటరిగా నున్న విద్యార్థిని, పై కులపు ఇంట ఒంటరిగా నున్న కోడలిని, ఆ పల్లె యంతటి ధైర్యమును ఒక్కరే చూపవలెనని కోరుచున్నాము. అంతటితో ఆగక ఇంకొక మాట. కోరుచున్న మన మెవరము? మాల సంఘము, మాదిగ సంఘము, రెడ్డి కతోలికుల సంఘము అని నేటికిని పేర్లున్నవి. క్రైస్తవ వివాహ ప్రకటనలలో కులము వ్రాయుచున్నారు. సమాధుల దొడ్డిలో సహితము గోడలు కట్టిన తావులున్నవి. కులమును బల్లయొద్దకు తెచ్చుకొన్న మనము, కులపత్రమును తెచ్చుకొన్నవానిని పిరికివాడనుట ఏ నోటితో?

మొదటి వక్త: మీరు పలికినది సత్యము, దానిని మెత్తన చేయుటకు నేను ప్రయత్నింపను. సంఘము తన కులమును ఒప్పుకొని విడుచుట, దళితుడు తన క్రీస్తును ఒప్పుకొనుటకంటె మొదట జరుగవలసిన ధైర్యకార్యమని నేను అంగీకరించెదను. కాని నేను నిలిచిన చోటునుండి పూర్తిగా కదలలేను. శిష్యుని పిలిచినది సంఘము కాదు. సంఘపు పిరికితనము ఆ పిలుపును రద్దుచేయదు. సంఘము పరిశుద్ధమైన తరువాతనే ఒప్పుకొందునని ప్రతివాడును నిశ్చయించుకొనినచో, పేరయ్య 1866లో ఇల్లు కదలియుండడు. బాప్తిస్మ మడిగివచ్చిన పడుచువానిని చూచి, తొందరపడకుము, నీ చదువు ముగియనిమ్ము అని నేను సలహా నీయలేను. చెప్పవలసినది చెప్పుదును: దీని మూల్యము ఇంత, లెక్క చూచుకొనుము, లూకా పదునాలుగవ అధ్యాయమున గోపురము కట్టదలచినవాడు చూచుకొన్నట్లు. ఆ తరువాత వాని చేయి పట్టుకొని నీటిలోనికి దిగుదును.

రెండవ వక్త: నేనును వానిని ఆపుమనను. కాని ఆ లెక్కను వాడొక్కడే చూచుకొనుట యందే మన విభేదము కలదు. సంఘములలో బాప్తిస్మమునకు ముందు అభ్యర్థిని నిలువబెట్టి ప్రశ్నించు వాడుక కలదు: పాపమును ఒప్పుకొనుచున్నావా, విగ్రహములను విడుచుచున్నావా, అని. ఆ ప్రశ్నలకు మఱియొకటి చేర్చుడని, ఈ సంవాదమును చదువు సంఘకాపరులను, పెద్దలను నేను వేడుకొనుచున్నాను. ఈ బాప్తిస్మమువలన నీవు పోగొట్టుకొను దేమి, అని అడుగుడు. వాడు చెప్పినదానిని, చదువైనను, పొలమైనను, పుట్టినిల్లైనను, సంఘపు పుస్తకమున వ్రాయుడు. వ్రాసి, అందులో ఎంత భాగమును ఎవ్వరు భరింతురో ఆనాడే లేచి నిలిచి చెప్పుడని సంఘమును అడుగుడు.